వ్యసనపీడితుని యెడ మన ధర్మము

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసినపుడు, అఫ్జల్‌గంజి చెంతనున్న యొక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఉస్మానియా వైద్యశాల ఆవరణములోని ఆ చెట్టును నగరవాసులు నేటికిని కృతజ్ఞతతో తలంచుకొనుచుందురు. ఆ చెట్టు తన్ను పట్టుకొన్నవారిని "ఏటియొడ్డున ఇల్లేల కట్టుకొంటివి? మబ్బు చూచియు ముందుగా నేల తరలిపోవైతివి?" అని యడుగలేదు. ప్రాణము నిలిచిన పిమ్మట నడుగవలసిన ప్రశ్నలను ప్రాణము పోవుచుండగా నడుగరాదని, వరదవేళ ఎవ్వరును బోధింపకయే అందఱు నెఱుగుదురు.

నేడు అదే నగరమున, చార్మినారునకు నలుదెసల నున్న పాతబస్తీ సందులలో, మఱియొక వరద చప్పుడు లేక పాఱుచున్నది. మద్యము, కల్తీకల్లు, గంజాయి, వైద్యుని చీటి లేకయే చేతికి వచ్చు నిద్రమాత్రలు, సీసాలు సీసాలుగా త్రాగబడు దగ్గుమందు, పదేండ్ల బాలుడు గుడ్డలో పోసికొని పీల్చెడి వైట్‌నరు, ఇవి యన్నియు నా వరదలోని పాయలే. ఇది పాతబస్తీకి మాత్రమే చెందిన కీడు కాదు. కొత్తనగరపు మేడలలోను ఇదియే వేఱు పేరుతో, వేఱు వెలతో నున్నది. అయినను ఈ వరదలో మునుగుచున్నవానిని చూచినపుడు మాత్రము మన నోట మొట్టమొదట వచ్చునది ప్రశ్నయే: ఎవడు త్రాగుమన్నాడు? ఎవడు ముట్టుకొమ్మన్నాడు? ఇట్లడుగుట ధర్మమా కాదా యని విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ము పురికొల్పినది మా తప్పే కావున దానిని ముందుగా నొప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట, జూన్ 26వ తేదీన, అనగా మాదకద్రవ్యముల దుర్వినియోగమునకు వ్యతిరేకముగా ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన దినమున, మేము కొందఱము మిత్రులము కూడి పాతబస్తీలో నొక ఊరేగింపు జరిపితిమి. వస్త్రఫలకములపై పెద్ద యక్షరములతో "త్రాగుబోతు కుటుంబమునకు శత్రువు", "మత్తునకు బానిస సమాజమునకు చీడ" యని వ్రాయించితిమి. కపాలచిత్రములును వేయించితిమి. ప్రతిజ్ఞలు చేయించితిమి. ఛాయాచిత్రములు తీయించుకొంటిమి. ఆ వస్త్రఫలకములలో రెంటిని గౌలిపురా వైపున నొక గల్లీ మొగదల కట్టి, లోకోపకారము చేసితిమను తృప్తితో నిండ్లకు మరలితిమి.

పదిదినములైన పిమ్మట నొక స్త్రీ మమ్ము వెదకికొని వచ్చెను. ఆమె భర్త ఆటో నడుపువాడు. పదునైదేండ్లుగా త్రాగుచుండి, రెండు నెలలనుండి ఎవ్వరికిని తెలియకుండ ఆసుపత్రికి పోయి మందులు వాడుచుండెనట. ఆమె మాటలను మార్పక వ్రాయుచున్నాము: "అయ్యా, మీరు మంచికే రాసిన్రు గావొచ్చు. గని గా రాత జూసి గల్లీల పోరగాండ్లు మా పిల్లలను ఎక్కిరిస్తున్నరు. దవఖానకు పోతే అందరికి ఎర్కైతదని మా ఆయన మందులు బందు జేసిండు. గంత పెద్ద బట్టమీద దవఖాన పేరన్న రాయకపోతిరి." మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ సాయంకాలమే పోయి ఆ వస్త్రఫలకములను విప్పివేసితిమి. గుడ్డను విప్పుట సులభమే. దానిని వ్రాయించిన బుద్ధిని విప్పుటకు మాకు చాలకాలము పట్టినది.

ఆ వ్రాతలలోని దోషమేమో నెమ్మదిగా పరిశీలించితిమి. అవి అసత్యములని చెప్పజాలము. త్రాగుడు కుటుంబములను కూల్చుచునే యున్నది. కాని మా ప్రచారము ఇంకను ముట్టనివానిని హెచ్చరించినది, ముట్టి మునిగినవానిని తిట్టినది. వానితో నొక్క మాటయు మాటాడలేదు. వానిని గూర్చి లోకముతో మాటాడినది. ఎవని దుఃఖమును చూచి మేము బయలుదేఱితిమో వాడే మా మాటలకు వినువాడు కాక, మేము చూపెడి బొమ్మ యయ్యెను.

ఇక మూలప్రశ్నకు వత్తము. వ్యసనము పాపమా, వ్యాధియా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. థామస్ ట్రాటరను బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు 1804లోనే త్రాగుడలవాటును మనస్సునకు సంబంధించిన రోగముగా నెంచవలయునని గ్రంథము వ్రాసెను. నేటి వైద్యశాస్త్రము ఈ విషయమును మఱింత స్పష్టముగా చెప్పుచున్నది. మత్తుపదార్థము పలుమారు లోనికి పోవుటచే, సుఖమును గుర్తుంచుకొని మరల కోరెడి మెదడు భాగముల నడక మారిపోవును. మొదట సుఖమునకై త్రాగినవాడు క్రమముగా బాధ తప్పించుకొనుటకై త్రాగును. అప్పటికి శరీరము ఆ పదార్థముతోనే సమతూకమునకు అలవాటుపడి యుండును. దానిని హఠాత్తుగా తీసివేసినచో చేతులు వణకును, నిద్ర పాఱిపోవును, లేనివి కనబడును, వినబడును. కొందఱికి మూర్ఛలు వచ్చును. తగిన చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును.

ఇది గ్రంథములలోని మాట మాత్రమే కాదు. 2015లో తెలంగాణలో కల్తీకల్లుపై ప్రభుత్వము గట్టి చర్య తీసికొన్నపుడు మన కన్నుల యెదుటనే జరిగినది. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లునకు ఏండ్లతరబడి అలవాటుపడిన శ్రమజీవులు, అది యొక్కసారిగా దొరకకపోవుటచే వణకుచు, తమలో తాము మాటాడుకొనుచు, మూర్ఛలతో పడిపోవుచు, నిజామాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతములలోను హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోను చేరిరి. అంతకు ముందు దినమువరకు లోకము వారిని "మనస్సు గట్టిచేసికొని మానరాదా?" యని నిందించుచుండెను. మానినపుడే వారికి ప్రాణాపాయము కలిగెనని నిందించినవారు గ్రహించిరా? కల్తీ నరికట్టుట అవశ్యకర్తవ్యమే. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించుటయే అందుకు సాక్ష్యము. కాని దుకాణమునకు తాళము వేసెడి చేయి, అదేవేళ వైద్యశాల తలుపును తెఱవవలయును. లేనిచో తాళము పడినది రోగిమీదనే యగును.

ఇచ్చట విజ్ఞులగు పాఠకులు కొందఱు ఒక యాక్షేపణము చేయుదురు. "వ్యసనము వ్యాధియే యని ప్రకటించినచో మనుష్యుని పౌరుషము సడలిపోదా? 'నాకు రోగము, నేనేమి చేయుదు' నని వాడు చేతులు ముడుచుకొని కూర్చుండడా? భార్యను కొట్టినవానికి, బిడ్డల యన్నము త్రాగినవానికి ఇది మంచి సాకు కాదా?" ఈ యాక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. వ్యసనపరుని యింట నలిగినవారి పక్షమున వచ్చిన ప్రశ్న యిది. దీనిని మన్నింపని కరుణ సగము కరుణయే.

మా సమాధాన మిది. చక్కెరవ్యాధి గలవానిని మనము నిందింపము. అయినను అతడు మందు మాని మిఠాయి తినుచుండినచో ఊరకుండము. రోగము వచ్చినందుకు అతడు దోషి కాకపోవచ్చును. చికిత్సకు నడచుట మాత్రము అతని బాధ్యతయే. అట్లే వ్యసనపీడితుని మెదడులో గలిగిన మార్పునకు అతనిని శిక్షింపరాదు. కాని కోలుకొను దారిలో అడుగు వేయవలసినవాడు అతడే. అతడు చేసిన హింసకు, కలిగించిన నష్టమునకు ఉత్తరవాది అతడే. వ్యాధి యనుట బాధ్యతను తీసివేయదు, దాని చోటును మార్చును. "నీవేల పడితివి?" అనుచోట "నీవు లెమ్ము, ఇదిగో చేయి" అని నిలుపును. మొదటి మాటకు జవాబు సిగ్గు మాత్రమే. రెండవ మాటకు జవాబు అడుగు కావచ్చును. పౌరుషమును మేల్కొలుపునది ఏదియో పాఠకులే నిర్ణయింతురు గాక.

కాని ఆ చేయి నిజముగా అందునట్లున్నదా? 2019లో వెలువడిన జాతీయ పరిశీలనమును చూడుడు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యసంస్థవారు కేంద్రప్రభుత్వముకొఱకు జరిపిన యా పరిశీలనము ప్రకారము, మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కడే ఏదో యొక చికిత్స పొందితినని చెప్పుచున్నాడు. వైద్యశాలలో చేరి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. మిగిలిన 37 మంది యెక్కడ నున్నారు? వారు చికిత్సను వలదన్నవారని తలంచుట మన సౌకర్యమునకై చేసికొన్న యూహ. పెక్కండ్రకు చికిత్స కలదనియే తెలియదు. తెలిసినవారికి ఎక్కడనో తెలియదు. ఎక్కడనో తెలిసినవారు అచ్చటికి పోవుచుండగా ఎవరు చూతురో యని వెఱతురు. పాతబస్తీ కూలివానికి ఎర్రగడ్డ నగరపు మఱియొక చివర. ఒక దినము కూలి పోవును, బస్సు చార్జి పోవును, ఇరుగుపొరుగున పరువు పోవును. ఈ మూడు నష్టములలో మూడవదానిని కలిగించుచున్నది మనమే.

కావున ప్రజలకు తెలియజేయుట యనగా ముందుగా తెలియజేయవలసినవి ఇవి. మద్యపు కోరికను తగ్గించు నాల్ట్రెక్సోను వంటి మందులు, నల్లమందు జాతి మత్తులకు లోబడినవారికి బ్యుప్రెనార్ఫిను వంటి మందులు కలవు. వానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలయును. చాలకాలముగా నిత్యము త్రాగువాడు వైద్యసలహా లేక ఒక్కసారిగా మానుట అపాయకరము. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. 14446 అను ఉచిత దూరవాణి సంఖ్య వ్యసనవిముక్తికై జాతీయముగా నేర్పడినది. 14416 సంఖ్యకు పిలిచినచో టెలిమానస్ వారు మానసిక వ్యథలను గూర్చి రేయుంబవళ్లు సలహా చెప్పుదురు.

చట్టమును గూర్చియు చెప్పవలయును. మాదకద్రవ్యములను వాడినందుకు పట్టుబడుదునను భయముచే వైద్యునికడకు పోనివారు పెక్కురు. కాని 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు తరువాత చేర్చబడిన 64-ఏ సెక్షను ప్రకారము, వాడకము నేరముపై గాని స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరముపై గాని అభియోగింపబడిన వ్యసనపీడితుడు, తనంతట తాను ప్రభుత్వము నడుపునట్టియో గుర్తించినట్టియో వైద్యసంస్థలో చికిత్సకు సిద్ధపడినచో అతనిపై విచారణ నడువదు. చికిత్సను మధ్యలో విడిచినచో ఆ రక్షణమును తీసివేయవచ్చును. దండించు చట్టమే చికిత్సకు తలుపు తెఱచి యుంచగా, ఆ తలుపును గూర్చి గోడలమీద వ్రాసినవారు తక్కువ, చెఱసాలను గూర్చి వ్రాసినవారే యెక్కువ. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలన గలుగు మానసికస్థితులను తనలో చేర్చుకొని, రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని శాసించినది. కావున విముక్తి పేరిట కొట్టి కట్టివేసెడి చోటు ఎచ్చటనున్నను అది వైద్యశాల కాదని కుటుంబములకు తెలుపుటయు మన పనియే.

ఇట్టి ప్రచారము మన దేశమున నెన్నడును జరుగలేదని యనుకొనరాదు. ఈ హైదరాబాదులోనే భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారని త్రోసివేయబడిన జనుల వాడలలో హరికథల మూలమున విద్యను, మద్యపాన విసర్జనమును బోధింపజేసిరి. ఆ బోధ పైనుండి విసరబడిన నీతి కాదు. ఆ వాడలలో పుట్టి పెరిగినవారే తమవారితో తమ నుడిలో చెప్పుకొన్న మాట. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాపై లేచినపుడును ఇదియే జరిగినది. అక్షరములు నేర్చుకొనుచు, వాచకములోని కథలో తమ కథను చదివికొని, వారే లేచిరి. వారి యుద్యమము ఫలముగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలిపోయినది. చట్టము వచ్చినది, పోయినది. త్రాగుడుకు లోబడిన శరీరములు మాత్రము రెండువేళలను అట్లే యుండినవి. మద్యమునుండి రాబడి పొందెడి ప్రభుత్వమే మద్యము వలదని గోడలపై వ్రాయించు విచిత్రమును మన మెల్లరము చూచుచున్నాము. ఆ రాబడిలో చికిత్సకు తగు పాలు అడుగుట పౌరుల హక్కు.

మఱియొక దేశపు దృష్టాంతము నిచ్చట స్మరింతము. 1935లో అమెరికాదేశపు ఆక్రన్ పట్టణమున ఒక శస్త్రవైద్యుడును ఒక షేర్ల వ్యాపారియు కలిసికొనిరి. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. ఒకరితో నొకరు దాపరికము లేక మాటాడుకొనుటవలన తమకు మేలు కలుగుటను గ్రహించి, తమవంటివారిని కూడదీసిరి. పేరు చెప్పనక్కఱలేని యా కూటములు నేడు మన దేశముతో సహా లోకమంతట జరుగుచున్నవి. కోలుకొన్నవాని మాట కోలుకొనవలసినవానికి తగులునంతగా మఱెవ్వరి మాటయు తగులదని అవి నిరూపించినవి.

ఇప్పుడు మనవంటి విద్యావంతుల సంగతి. కూలివాని కల్లుకుండను చూచి వ్యసనమందుము. మన విందులలోని విస్కీని మర్యాద యందుము. మన యింటి కుమారుడు మత్తునకు లోబడినచో "ఒంట్లో బాగులేదు, మేనమామగారి యింటికి పంపితిమి" యందుము. పెండ్లిచేసిన కుదురుకొనునని ఏమియు నెఱుగని యొక యాడుపిల్లను ఆ వ్యాధికి మందుగా నిత్తుము. మన యింటి స్త్రీయే మాత్రలకు అలవాటుపడినదా, ఆమెకు గది తలుపు తప్ప వేఱు వైద్యశాల యుండదు. లోకము మెచ్చువారు దాచుకొన్న దానిని లోకము సిగ్గుపడదగినదిగా నేర్చుకొనును. మనము దాచెడి ప్రతి రోగివలనను, గౌలిపురా ఆటోవాని సిగ్గు ఒక పాలు పెరుగుచున్నది. కావున ప్రచారము ఊరేగింపులో కాక మన నడవలలో నారంభము కావలయును. "మా యింటను ఈ రోగము వచ్చినది, ఇచ్చట చికిత్స చేయించితిమి" యని యొక పెద్దమనుష్యుడు రోగి సమ్మతితో నలుగురిలో చెప్పుట, వేయి కపాలచిత్రములకంటె నెక్కువ పని చేయును.

చేయవలసిన పని గొప్పది కాదు. తెలుగునను ఉర్దూలోను వైద్యశాల పేరును దూరవాణి సంఖ్యను మందులదుకాణములందును, ఆటోల నిలుపుచోటులందును, బడుల యొద్దను పెద్దగా వ్రాయింపుడు. మందిర సంఘమువారిని, మసీదు పెద్దలను, బోనాల పండుగ నిర్వాహకులను ఒక్క మాట చెప్పుమని యడుగుడు. రోగుల ముఖచిత్రములను ప్రకటింపకుడు. త్రాగుబోతు, గంజాయివాడు అను మాటలను మీ నోటనుండి తీసివేయుడు. కోలుకొని పనికై వచ్చినవానికి పని యిండు. వాడు మరల జాఱినచో "మేము ముందే చెప్పితిమి" యనకుడు. ఈ వ్యాధి స్వభావమే మరల తిరుగబెట్టుట. రక్తపుపోటు మరల హెచ్చినవానిని వైద్యుడు వెళ్లగొట్టునా?

మేమును మా వస్త్రఫలకములను మరల వ్రాయించితిమి. ఈ మాఱు వానిపై కపాలము లేదు. "ఇది రోగము. దీనికి మందు కలదు. ఇచ్చటికి రండు" అని మాత్రమే యున్నది. ఆ స్త్రీ భర్త మరల ఆసుపత్రికి పోయెను. నడుమ రెండుమాఱులు జాఱెను. ఆమె చెప్పగా వింటిమి, మూడవమాఱును పోయెనట. అతడు పూర్తిగా బాగుపడెనని వ్రాసి ఈ వ్యాసమును సుఖాంతము చేయుటకు మాకధికారము లేదు. మేము చెప్పగలిగిన దొక్కటే: అతడు మూడవమాఱు పోయినపుడు, ఆ గల్లీ మొగదల అతనిని తిట్టెడి వ్రాత లేదు.

సోదరులారా, చింతచెట్టు వరదను ఆపలేదు. ఆపుట దాని వశము కాదు. కొమ్మ యందినవారిని మాత్రము తెల్లవాఱువఱకు మోసినది. మన వశమైన దానిని మనము చేయుదము.